ఎన్నో ప్రధాని అని ఇంగ్లీషులో ఎలా అడగాలి?

సింగపూర్‌లో ఏ హాకర్ సెంటర్‌కైనా వెళ్ళి కాఫీ, టీలు అమ్మే కొట్టు ముందు నిలబడండి. లోపలున్న అంకుల్ “డ్రింక్ వాట్?” అని అడుగుతాడు. “కోపీ సి” అంటే డబ్బాపాలు కలిపిన కాఫీ వస్తుంది, “కోపీ ఓ” అంటే పాలు లేకుండా వస్తుంది, చివర “కొసోంగ్” చేర్చామా, చక్కెర కూడా ఉండదు. అంతటితో బేరం అయిపోతుంది. కొత్తగా హైదరాబాదు నుంచో విశాఖ నుంచో దిగినవాళ్ళు మాత్రం ఆ “డ్రింక్ వాట్” దగ్గర ఆగిపోతారు. ఇదేం ఇంగ్లీషండీ, మా పిల్లలు ఇక్కడ ఇదేనా నేర్చుకునేది అని బెంగ పెట్టుకుంటారు. బెంగ వద్దు, కాస్త కూర్చోండి. ఆ రెండు మాటల్లోనే మనం పిల్లలకు చెప్పాల్సిన పాఠం సగం ఉంది.

తెలుగులో “కాఫీ తాగుతాను” అంటాం. ప్రశ్న వేయాలంటే కాఫీ అన్న మాట తీసేసి సరిగ్గా ఆ చోటే “ఏం” పెడతాం. “ఏం తాగుతారు?” మిగతా వాక్యం తన చోటి నుంచి కదలదు. తమిళమూ అంతే. మాండరిన్‌లో, మలయ్‌లో క్రియ ముందొచ్చి తాగే వస్తువు తరవాత వస్తుంది కాబట్టి వాళ్ళ ప్రశ్న మాట కూడా మామూలుగా క్రియ తరవాతే వస్తుంది. అంకుల్ ఆ వరసలోనే ఇంగ్లీషు మాటలు పేర్చాడు. ఈ దేశానికి అధికార భాషలు నాలుగు. మలయ్, మాండరిన్, తమిళం మూడూ జవాబు ఉండాల్సిన చోటే ప్రశ్న మాటను కూర్చోబెడతాయి. ఇంగ్లీషు ఒక్కటే దాన్ని వాక్యం మొదటికి లాక్కొస్తుంది. లాగి ఊరుకోదు కూడా. ఉన్న సహాయక్రియను కర్త ముందుకు జరపమంటుంది, అది లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని తెచ్చి పెట్టమంటుంది.

అంటే మన తెలుగు పిల్లాడు “వేర్ యూ ఆర్ గోయింగ్?” అన్నా, పక్కింటి చైనీస్ పిల్లాడు “యూ గో వేర్?” అన్నా ఇద్దరికీ తెలివి తక్కువై కాదు. ఇద్దరి నోట్లోనూ ఇంటి భాష వరస ఉంది. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందుగా అర్థమైతే సగం కసుర్లు తగ్గుతాయి.

ఈ వరస మీద ప్రభుత్వానికి కూడా ఒకప్పుడు పెద్ద పట్టింపే వచ్చింది. 1999 ఆగస్టులో జాతీయ దినోత్సవ సభలో అప్పటి ప్రధాని గో చోక్ తోంగ్ ఒక టీవీ హాస్య ధారావాహికలోని పాత్ర ప్రస్తావన తెచ్చారు. ఆ పాత్ర పేరు ఫువా చూ కాంగ్. ఇళ్ళకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు, గిరజాల జుట్టు, కాళ్ళకు పసుపు పచ్చ బూట్లు, నోరు తెరిస్తే సింగ్లీషు, అంటే ఇక్కడి వాడుక ఇంగ్లీషు. పిల్లలు అతనిలాగే మాట్లాడుతున్నారని, అతన్ని ఇంగ్లీషు తరగతిలో చేర్పిస్తే మేలని ప్రధాని స్వయంగా అన్నారు. ఆ మరుసటి ఏడే, 2000లో, మంచి ఇంగ్లీషు మాట్లాడాలన్న ఉద్యమం ఆయన చేతుల మీదుగానే మొదలైంది. మరోవైపు 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొన్ని సింగ్లీషు మాటలను తన పుటల్లో చేర్చుకుంది.

ఈ రెండింటి మధ్య నా పక్షం ఏమిటో చెప్పేస్తాను. సింగ్లీషును చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. “వేర్ గాట్ టైమ్!” అని ఇక్కడివాళ్ళు అంటారు చూడండి, వినగానే తెలుగువాడికి ప్రాణం లేచొస్తుంది. “టైమెక్కడుందండీ!” అని మనం రోజూ అనేదే అది. అక్కడ ప్రశ్న మాట ఉంది గానీ ప్రశ్న లేదు, లేదని చెప్పడానికే “ఎక్కడ” వచ్చింది. మలయ్‌లోనూ “మానా అదా” అని అచ్చంగా ఇలాగే అంటారు. ఇంత సొగసైన మాటను తప్పు అనడానికి నాకు నోరు రాదు. అయినా పరీక్ష హాల్లో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, వేరే దేశంవాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రామాణిక ఇంగ్లీషు వరస రావాలి. పిల్లకు రెండూ వచ్చి, ఎక్కడ ఏది వాడాలో తెలియాలి. దానికి నేర్పే తీరు ముఖ్యం.

మన పిల్లల పరిస్థితి ఇక్కడ కొంచెం ప్రత్యేకం. 1987 నాటికి సింగపూర్ బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చేశాయి. దానితోపాటు ఒక మాతృభాష చదవాలి. భారతీయ కుటుంబాల పిల్లలకు తమిళం ఉంది, తమిళం కాకపోతే హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు ఆ పట్టికలో లేదు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది, ఉగాదులూ పండగలూ జరుపుకుంటున్నాం, కానీ బడిలో మన పిల్లలు తెలుగును మాతృభాషగా రాసే వీలు లేదు. కాబట్టి మన పిల్లలు చాలామంది బడిలో హిందీనో తమిళాన్నో మాతృభాషగా రాస్తారు, ఇంట్లో తెలుగు వింటారు, మైదానంలో సింగ్లీషు ఆడతారు, పుస్తకంలో ఇంగ్లీషు రాస్తారు. 2020 జనాభా లెక్కల్లో ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతామన్నవాళ్ళు 48.3 శాతానికి చేరారు, పదేళ్ళ ముందు అది 32.3 శాతం. ఆ అలలో మన ఇళ్ళూ కొట్టుకుపోతున్నాయి. “ఇంగ్లీషు బాగా రావాలంటే ఇంట్లో తెలుగు ఆపేయండి” అని ఒకరికొకరు చెప్పుకోవడం నేను విన్నాను. ఆ మాట ఎంత పొరపాటో ఈ ప్రశ్న మాటల దగ్గరే తేలుతుంది.

చాలామంది ఒక పట్టీ రాయించి బట్టీ పట్టిస్తారు. వాట్ అంటే ఏమి, వేర్ అంటే ఎక్కడ, హౌ అంటే ఎలా. పట్టీ తప్పు కాదు, చాలదు. పిల్లతో ప్రశ్న రాయించే ముందు జవాబు చెప్పించండి. నీకు రావలసిన జవాబు మనిషా, వస్తువా, చోటా, సమయమా, కారణమా, లెక్కా? జవాబు ఏ జాతిదో తెలిస్తే ప్రశ్న మాట దానంతట అదే వస్తుంది.

“ఎలా” సంగతే చూడండి. “మీ కొత్త టీచర్ ఎలా ఉంటారు?” అని తెలుగులో అడిగామనుకోండి. పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకుని ఉంటారు అని చెప్పొచ్చు, చాలా మంచావిడ, అస్సలు కసరరు అనీ చెప్పొచ్చు. “ఉంటారు” బదులు “ఉన్నారు” అంటే జ్వరం తగ్గిందా లేదా అన్నది జవాబు. తెలుగు క్రియను బట్టి, సందర్భాన్ని బట్టి ఈ తేడా పట్టుకుంటాం, ప్రశ్న మాట మాత్రం అదే. ఇంగ్లీషు మూడింటికి మూడు దారులు పెట్టింది. రూపం కావాలంటే “వాట్ డజ్ షీ లుక్ లైక్?”, స్వభావం కావాలంటే “వాట్ ఈజ్ షీ లైక్?”, ఆరోగ్యం, క్షేమం కావాలంటే “హౌ ఈజ్ షీ?” మూడింటిలో ఒక్కదానికే హౌ. పట్టీ నమ్ముకున్న పిల్ల మూడు చోట్లా హౌ రాస్తుంది. జవాబు ముందు అనుకున్న పిల్ల ఆగి ఆలోచిస్తుంది.

అలాగే “దీన్ని ఏమంటారు?” అన్నది తెలుగులో ఎంత సరిగ్గా ఉందో చూడండి. జవాబు ఒక పేరు. పేరు వస్తువులాంటిదే, కాబట్టి ఏమి. ఇంగ్లీషూ “వాట్ డు యూ కాల్ దిస్?” అనే అంటుంది. కానీ లోకమంతటా ఎంతోమంది “హౌ డు యూ కాల్ దిస్?” అంటుంటారు. తెలుగును నమ్ముకున్నవాడు ఇక్కడ తప్పు చేయడు.

లెక్కల దగ్గర మాత్రం తెలుగు మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. మనకు మూడు మాటలున్నాయి. రాశిగా ఉంటే ఎంత, విడివిడిగా ఉంటే ఎన్ని, మనుషులైతే ఎంతమంది. ఇంగ్లీషులో హౌ మచ్, హౌ మెనీ రెండే, మనుషులకు వేరే మర్యాద లేదు. చిక్కు అక్కడ కాదు. మన నీళ్ళు, పాలు, డబ్బులు బహువచనాలు. “ఎన్ని నీళ్ళు పొయ్యాలి?”, “పాలు ఎన్ని కావాలి?” అని వంటింట్లో రోజూ వినే పిల్ల “హౌ మెనీ వాటర్?” అంటే వింతేముంది? ఇంగ్లీషు కంటికి నీళ్ళు విడివిడిగా లెక్కపెట్టేవి కావు, గ్లాసులే లెక్కపెట్టేవి. “హౌ మచ్ వాటర్?”, “హౌ మెనీ గ్లాసెస్?” పిల్లను కసరక్కర్లేదు, ఆ నీళ్ళను “ఒకటి, రెండు” అని లెక్కపెట్టి చూపించమనండి. లెక్కపెట్టలేక నవ్వేస్తుంది. ఆ తరవాత మరిచిపోదు.

వాట్, విచ్ తేడాకు బస్టాపు మంచి బడి. స్టాపులో పట్టిక మీద అక్కడ ఆగే బస్సుల నంబర్లన్నీ రాసి ఉంటాయి. ఆ పట్టిక ముందు నిలబడి ఎక్కాల్సిన బస్సు అడిగితే “విచ్ బస్”. ఎంపిక కళ్ళముందున్నప్పుడు విచ్, ఎదురుగా ఏ హద్దూ లేనప్పుడు వాట్. మన ఏది, ఏమిటి అనే జంట చాలావరకు ఈ పని చేసిపెడుతుంది.

మన పిల్లల్లో కొందరు బడిలో హిందీ చదువుతారన్నాను కదా, వాళ్ళకు చెప్పదగ్గ ఒక చిన్న ముచ్చట. కౌన్, క్యా, కబ్, కహా అని హిందీ ప్రశ్నలన్నీ “క”తో మొదలవుతాయి, సంస్కృతంలో కః, కిమ్, కదా అన్నవాటి పిల్లలు అవి. ఇంగ్లీషు హూ, వాట్, వెన్, వేర్ కూడా ఆ కుటుంబంలోవే. వేల ఏళ్ళ కింద ఒకే మూలం నుంచి విడిపోయాక అక్కడ “క” ఒత్తు సడలి మారిపోయింది. తెలుగుది వేరే వంశం, అయినా మన పొందిక ఇంకా తీర్చిదిద్దినట్టు ఉంటుంది. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. అలా, ఇలా, ఎలా. ఇంగ్లీషులో దేర్, హియర్, వేర్ అనీ, దెన్, వెన్ అనీ ఆ పొందిక ముక్కలు ముక్కలుగా మిగిలింది. పిల్లలకు ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసి చూపిస్తే వాళ్ళ ముఖాలు వెలగడం నేను చూశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సింగపూర్‌లో ఆరో తరగతి చివర పీఎస్ఎల్ఈ అనే పరీక్ష ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది, దాని పేరు వింటేనే ఇంట్లో టీవీలు ఆగిపోతాయి. అందులోని ఇంగ్లీషు పేపర్లో రెండు వాక్యాలను ఒకటిగా కలిపి రాసే భాగం ఉంటుంది. అమ్మ “వేర్ ఆర్ యూ గోయింగ్?” అని అడిగింది అనే మాటను తిప్పి రాయమంటారు. పిల్లలు ఎక్కువగా “మదర్ ఆస్క్‌డ్ హిమ్ వేర్ వజ్ హీ గోయింగ్” అని రాస్తారు. రావలసింది “వేర్ హీ వజ్ గోయింగ్”. ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. ఎందుకంటే అంతకుముందు కష్టపడి నేర్పింది మనమే, ప్రశ్నలో క్రియను ముందుకు జరపాలని. ఇప్పుడేమో జరపొద్దంటున్నాం. ఎప్పుడు జరపాలి, ఎప్పుడు జరపకూడదు?

దీనికి మందు మన తెలుగులో ఉంది. ఒక్క అక్షరం. ఓ.

“స్టేషన్ ఎక్కడ ఉంది?” ఇది నేరుగా వేసిన ప్రశ్న. “స్టేషన్ ఎక్కడ ఉందో చెప్పండి.” ఇక్కడ ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్ళిపోయింది, వెళ్ళగానే “ఉంది” కాస్తా “ఉందో” అయింది. ఇంగ్లీషులో మొదటిది “వేర్ ఈజ్ ద స్టేషన్?”, రెండోది “టెల్ మీ వేర్ ద స్టేషన్ ఈజ్.” తెలుగులో క్రియకు ఓ తగిలిందంటే ఇంగ్లీషులో క్రియను ముందుకు జరపకూడదు. వాడు ఎప్పుడు వస్తాడో తెలియదు, ఆమె ఏం కొన్నదో చూడు, ఇది ఎందుకు పనిచేయట్లేదో కనుక్కో. ఏ వాక్యం తీసుకున్నా ఈ లెక్క సరిపోతుంది. నేరుగా అడిగినప్పుడు ఓ రాదు, ఇంగ్లీషులో తిప్పాలి. కడుపులో ఉన్నప్పుడు ఓ వస్తుంది, తిప్పకూడదు.

ఒక్కచోట జాగ్రత్త కావాలి. “అడిగింది” అన్న మాట వచ్చేసరికి తెలుగులో మనం ఎక్కువగా “అని” వాడతాం. “ఎక్కడికి వెళ్తున్నావని అమ్మ అడిగింది.” అప్పుడు ప్రశ్న ఉన్నదున్నట్టుగా నిలిచిపోతుంది, పిల్ల చేతిలో తిప్పుడు కూడా అలాగే నిలిచిపోతుంది. అందుకే పరీక్షలో సరిగ్గా అక్కడే దొరికిపోతున్నారు. కాబట్టి ఆ వాక్యాన్ని మనసులో “ఎక్కడికి వెళ్తున్నాడో అడిగింది” అని మార్చుకోమనండి. ఓ వచ్చేసింది, ఇక చెయ్యి దానంతట అదే “వేర్ హీ వజ్ గోయింగ్” అని రాస్తుంది. ఇంట్లో తెలుగు వినే పిల్లకు ఈ ఓ పుట్టుకతో వచ్చిన ఆస్తి. తెలుగు ఆపేసిన ఇంటి పిల్లకు ఇది చెబుదామన్నా ఆ చెవి ఉండదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

ఇక శీర్షికలో పెట్టిన ప్రశ్న. లారెన్స్ వాంగ్ 2024 మే 15న ప్రధాని అయ్యారు. లీ క్వాన్ యూ, గో చోక్ తోంగ్, లీ సియెన్ లూంగ్‌ల తరవాత ఆయన నాలుగో ప్రధాని. “ఆయన ఎన్నో ప్రధాని?” అని తెలుగులో చిన్నపిల్లాడు కూడా అడుగుతాడు. ఇంగ్లీషులో? ఎన్నో అన్నదానికి అక్కడ మాట లేదు. మన ఊళ్ళ బళ్ళలో తరతరాల ఇంగ్లీషు మాస్టార్లు దీన్ని చిక్కుప్రశ్నగా విసిరి పిల్లల్ని తిప్పలు పెట్టారు. ఇక్కడి చిత్రమేమిటంటే, తమిళానికి “ఎత్తనైయావదు” ఉంది, మాండరిన్‌కు “తీ జీ” ఉంది, మలయ్‌కు “కెబెరాపా” ఉంది. నాలుగు అధికార భాషల్లో మూడింటికి సొంతంగా ఉన్న ప్రశ్న నాలుగోదానికి లేదు. తెలుగువాడు ఈ ఊళ్ళో ఆ ముగ్గురి పక్కన ధీమాగా కూర్చోవచ్చు.

అయితే లేదని వదిలేయకండి. ఇక్కడా జవాబు పట్టుకుంటే దారి దొరుకుతుంది. “ఆయనకు ముందు ఎంతమంది ప్రధానులు పనిచేశారు?” అని ఇంగ్లీషులో హౌ మెనీతో అడిగి, వచ్చిన జవాబుకు ఒకటి కలుపుకోవాలి. “ఎన్నో అంతస్తు?” అంటే “విచ్ ఫ్లోర్?” చాలు. “పాపకు ఇది ఎన్నో పుట్టినరోజు?” అంటే “హౌ ఓల్డ్ ఈజ్ షీ టర్నింగ్?” మూడు చోట్లకు మూడు ఎత్తులు. ఎన్నోకు సరిపోయే మాట కోసం నిఘంటువు తిరగేస్తూ కూర్చున్నవాడికి ఒక్కటీ తట్టదు.

మర్యాద సంగతి కూడా ఒకటుంది. మన ఇళ్ళలో బయటికి వెళ్ళబోయేవాళ్ళను “ఎక్కడికి?” అని అడగకూడదు, వెళ్ళే పని చెడుతుందని పెద్దలు కసురుతారు. సింగపూర్‌లో మలయ్ పొరుగువారికి అదే పలకరింపు, ఎటు వెళ్తున్నారని అడగడం వాళ్ళకు ఆప్యాయత. లిఫ్టులో “గోయింగ్ వేర్?” అని ఆంటీ అడిగితే ముఖం చిట్లించకండి, మార్కెట్‌కు అని నవ్వి చెప్పండి. “తిన్నారా?” మాత్రం అందరిదీ. హొక్కియెన్ మాట్లాడే పెద్దలు “చియా పా బ్వే” అంటారు, మన “భోంచేశారా” ఎలాగో అదీ అలాగే. ఇంగ్లీషులో జాగ్రత్త పడాల్సింది వైతో. ఇంటికొచ్చినవాళ్ళను “వై హావ్ యూ కమ్?” అంటే నిలదీసినట్టుంటుంది. తెలుగులోనూ “ఎందుకొచ్చారు?” అనం, “ఏమిటిలా వచ్చారు?” అంటాం. ఇంగ్లీషులోనూ అలాంటప్పుడు వాట్‌నే తెచ్చుకుని “వాట్ బ్రింగ్స్ యూ హియర్?” అంటారు. ఎందుకు అన్న మాటలో పదును రెండు భాషలవాళ్ళకూ తెలుసు.

సింగపూర్‌లోని తెలుగు తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ఈ రాత్రి అన్నం దగ్గర మీ పిల్లల్ని తెలుగులో ప్రశ్నలు అడగనివ్వండి. ఏం, ఏది, ఎన్ని, ఎన్నో, ఎక్కడుందో, ఎందుకయిందో అన్నీ రానివ్వండి. వాటిని రేపు హోంవర్క్ దగ్గర ఇంగ్లీషులోకి మార్పించండి. ఇంగ్లీషు కోసం తెలుగు ఆపేయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి.